అంటువ్యాధి రోజుల్లో అంత్యక్రియలు: ఏది ఆపాలి, ఏది ఆపక్కర్లేదు?

వెన్నెలబాట (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది చిన్న వాలంటీర్ గ్రూపు. ఎవరైనా పోతే, మోయడానికి నలుగురు మనుషులు లేని ఇళ్ళకి వెళ్ళి సాయం చేస్తుంటాం. గ్రూపులో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. మళ్ళీ కోవిడ్ లాంటిదో, అంతకంటే గట్టిదో వస్తే ఏం చేయాలో ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకుందామని కూర్చున్నాం, కూర్చున్న కాసేపటికే గొడవ మొదలైంది. ఒకాయన "శవాన్ని ముట్టుకుంటే చాలు అంటుకుంటుంది, మతాలూ గితాలూ తర్వాత, అందరినీ ప్లాస్టిక్‌లో చుట్టి పంపేయడమే" అంటాడు. ఇంకొకరేమో "ప్రాణం పోయాక దగ్గుతారా తుమ్ముతారా, మామూలుగానే స్నానం చేయించి సాగనంపాలి" అంటారు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ ఎక్కడో చదివిందే చెబుతున్నారు.

నాకు తెలియాల్సింది ఇది. శవం నుంచి నిజంగా జబ్బు అంటుకుంటుందా? స్నానం చేయించడం, ఆఖరి చూపు, ముద్దు పెట్టుకోవడం, వీటిలో దేనికి సరే అనొచ్చు, దేనికి కుదరదని చెప్పాలి? ఏ మతంవాళ్ళకి ఏ వెసులుబాటు ఉంది? సర్క్యులర్లు చదివాను, అవి మళ్ళీ ఇక్కడ పెట్టొద్దు ప్లీజ్. ఏడుస్తున్న ఇంటివాళ్ళ ముందు నిలబడి మాట్లాడాల్సినప్పుడు పనికొచ్చేది చెప్పండి.

చేతులుకడుక్కో:
నేను ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లో పని చేస్తాను. మీ గ్రూపులో ఇద్దరూ సగం సగం రైటే, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు జబ్బుల గురించి మాట్లాడుతున్నారు. మీ కాగితంలో మొదటి లైను "జబ్బు ఏమిటి?" అని ఉండాలి. అది తెలియకుండా మిగతాదంతా రాయడం దండగ.

కోవిడ్, ఫ్లూ లాంటివి ఊపిరి ద్వారా వ్యాపిస్తాయి. చనిపోయినవాళ్ళు ఊపిరి తీయరు కాబట్టి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇక మిగిలేది నోటి నుంచి, ముక్కు నుంచి కారే ద్రవాలు, ఒంటి మీద, బట్టల మీద ఉన్న మరకలు, ఇంకా శవాన్ని కదిల్చినప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండిపోయిన గాలి కొంచెం బయటికి రావడం. నోరు, ముక్కు మీద గుడ్డ కప్పి, చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు, ఒంటి మీద గౌను వేసుకుంటే ఇవి అదుపులో ఉంటాయి. కోవిడ్ శవానికి సంచి తప్పనిసరి కాదని, ద్రవాలు బాగా కారుతుంటే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. ఇంటివాళ్ళు స్నానం చేయించి బట్టలు మార్చాలనుకుంటే ఆ రక్షణలతో చేసుకోవచ్చని కూడా చెప్పింది, కాకపోతే వీలైనంత తక్కువమంది ఉండాలి, పిల్లలు, 60 దాటినవాళ్ళు, షుగరు గుండెజబ్బు లాంటివి ఉన్నవాళ్ళు ఆ పనికి దూరంగా ఉండాలి. చాలా దేశాలు ఇంతకంటే కఠినంగా రూల్స్ పెట్టుకున్నాయి. భారత ఆరోగ్య శాఖ 2020 మార్చిలో ఇచ్చినదాంట్లో స్నానం, ముద్దు, కౌగిలింత వద్దని ఉంది. కానీ అదే కాగితంలో ముఖం దగ్గర జిప్ తీసి ఆఖరి చూపు చూపించొచ్చనీ, శవాన్ని తాకకుండా గ్రంథం చదవడం, తీర్థం చల్లడం చేయొచ్చనీ కూడా ఉంది. ఈ రెండో సగం చాలాచోట్ల అమలే కాలేదు. సిబ్బందిని అని లాభం లేదు, వాళ్ళూ భయపడ్డారు, చేయాల్సినవి ఎక్కువ, చేతులు తక్కువ.

ఎబోలా, మార్బర్గ్ అనే ప్రాణాంతక వైరస్ జ్వరాలది వేరే కథ. అక్కడ చనిపోయే సమయానికి ఒంట్లో వైరస్ మహా ఎక్కువగా ఉంటుంది, రక్తం, వాంతి, చెమట అన్నిట్లోనూ ఉంటుంది. ఎబోలాతో చనిపోయిన కోతుల మీద చేసిన పరీక్షల్లో వారం దాకా బతికున్న వైరస్ దొరికింది. అక్కడ ఇంటివాళ్ళు స్నానం చేయించడం అన్న మాటే లేదు, గ్లౌజులు వేసుకున్నా సరే. 2014లో గినియాలో వచ్చిన ఎబోలా కేసుల్లో 60 శాతం దాకా సంప్రదాయ అంత్యక్రియలతో ముడిపడినవేనని ఆ దేశ ఆరోగ్య శాఖే ఆ ఏడాది ఆగస్టులో లెక్క చెప్పింది. కలరా కూడా ఇలాంటిదే ఒకరకంగా, ఒంట్లోంచి వచ్చే ద్రవాలతో ప్రమాదం, పైగా అదే చేత్తో తర్వాత భోజనాలు వడ్డిస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. కోవిడ్‌లో అంత్యక్రియల వల్ల జబ్బు పాకిందని మనం విన్న కేసుల్లో ఎక్కువశాతం దోషం శవానిది కాదు, వచ్చినవాళ్ళది. 2020 ఫిబ్రవరిలో షికాగోలో ఒక కుటుంబంలో అంత్యక్రియల ముందురోజు రాత్రి కలిసి భోంచేశారు, మర్నాడు ఒకరినొకరు కౌగిలించుకుని ఓదార్చుకున్నారు, కొన్ని రోజులకి ఒక పుట్టినరోజు పార్టీ కూడా జరిగింది. ఆ గొలుసులో 16 మందికి సోకింది, ముగ్గురు చనిపోయారు. అక్కడ చనిపోయిన మనిషికి అసలు కోవిడే లేదు! కొద్దిపాటి నలతతో వచ్చిన ఒక్క కుటుంబ మిత్రుడు చాలు. కాబట్టి ఊపిరితో పాకే జబ్బయితే మీ కాగితంలో శవం గురించి రాసేదానికంటే హాలు గురించి, భోజనాల గురించి, ఒకే కారులో ఇరుక్కుని వెళ్ళడం గురించి ఎక్కువ రాయండి.

సూటిగా:
సారీ, కానీ ఇవన్నీ వినడానికి బానే ఉంటాయి. రోజుకి పదుల్లో పోతున్నప్పుడు ఒక్కో ఇంటికి ఒక్కో పద్ధతి అంటే ఎవరు చూస్తారు? అందరికీ దహనం అని పెట్టేస్తే వైరస్ బూడిద అవుతుంది, గొడవా ఉండదు. భూమిలో పెడితే నీళ్ళలోకి దిగుతుందేమో అన్న టెన్షన్ కూడా ఉండదు. మహమ్మారిలో సెంటిమెంట్లు పక్కన పెట్టాల్సిందే.

పాతసంచిక:
సూటిగా గారూ, ఇది చేసి చూశారు, రెండుసార్లు. రెండుసార్లూ బెడిసికొట్టింది.

లైబీరియాలో 2014 ఆగస్టులో రాజధాని మన్రోవియాలో ఎబోలాతో పోయినవాళ్ళందరినీ దహనం చేయాలని ప్రభుత్వం ఆర్డరు వేసింది. అక్కడి జనానికి దహనం అలవాటు లేదు, సమాధి లేకపోతే పెద్దల్ని తలుచుకునే చోటే లేకుండా పోతుంది. ఏమైంది? జబ్బుపడ్డవాళ్ళని ఇళ్ళలో దాచేశారు, చనిపోతే రాత్రిపూట గుట్టుగా పూడ్చారు, అంటే ఏ రక్షణా లేకుండా ఒట్టి చేతులతో. ఏ ప్రమాదాన్ని ఆపడానికి రూలు పెట్టారో ఆ ప్రమాదాన్నే పెంచారు. డిసెంబరు చివరికల్లా ఆర్డరు వెనక్కి తీసుకుని ఖననానికి వేరే స్థలం చూపించాల్సి వచ్చింది.

రెండోది శ్రీలంక. 2020లో కోవిడ్ మృతులందరికీ దహనం తప్పనిసరి చేశారు, మీరన్నట్టే భూగర్భజలం కలుషితమవుతుందన్న కారణం చూపించి. దానికి శాస్త్రీయ ఆధారం లేదని అక్కడి డాక్టర్లు, ఐక్యరాజ్య సమితి నిపుణులు మొత్తుకున్నా వినలేదు. ముస్లిం కుటుంబాల్లో కొంతమంది శవాన్ని తీసుకోవడానికే రాలేదు, సంతకం పెడితే దహనానికి ఒప్పుకున్నట్టవుతుందని. 20 రోజుల పసిబిడ్డని కూడా తల్లిదండ్రులు వద్దంటున్నా దహనం చేశారు. 2021 ఫిబ్రవరిలో ఖననానికి అనుమతి ఇచ్చారు, 2024లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఇంతా చేసి దానివల్ల ఆగిన కేసు ఒక్కటైనా ఉందా?

అంటురోగంతో పోయినవాళ్ళని దహనమే చేయాలన్నది ఒట్టి అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ మార్గదర్శకాల్లో నేరుగానే రాసింది. దహనమా ఖననమా అన్నది సంప్రదాయాన్ని బట్టి, ఉన్న వసతిని బట్టి. భయం ఎంత దూరం తీసుకెళ్తుందంటే, 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో పోయిన ఒక డాక్టరుని ఖననం చేయనివ్వకుండా జనం అంబులెన్సు మీద రాళ్ళు వేశారు. గౌరవంగా అంత్యక్రియలు జరగడం కూడా జీవించే హక్కులో భాగమేనని మద్రాసు హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. సమాధి చేసిన శవం లేచొచ్చి దగ్గదు కదా.

సూటిగా:
లైబీరియా సంగతి నాకు తెలీదు. సరే, బలవంతం పనిచేయదన్నంతవరకు ఒప్పుకుంటా. కానీ రద్దీ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

కఫన్‌బట్ట:
అస్సలాము అలైకుమ్, నమస్తే. నేను మా వాళ్ళలో మయ్యిత్‌కి గుస్ల్ ఇచ్చే టీములో ఉన్నాను (మయ్యిత్ అంటే చనిపోయిన మనిషి), కాబట్టి ముస్లింల సంగతి నేను చెప్తాను. మాకు నాలుగు పనులు: గుస్ల్ అంటే స్నానం, కఫన్ అంటే తెల్లబట్ట చుట్టడం, జనాజా నమాజ్ అంటే పోయినవాళ్ళ కోసం చదివే నమాజ్, దఫన్ అంటే పూడ్చడం. ఈ నాలుగూ ఫర్జె కిఫాయా, అంటే సమాజంలో కొంతమంది చేస్తే అందరి మీదా బాధ్యత తీరిపోతుంది. ఇంటివాళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే. ఐదు వందలమంది రాలేదని మయ్యిత్‌కి ఏ లోటూ లేదు, ఐదుగురు నిలబడి నమాజ్ చదివినా పూర్తయినట్టే. జనాజా నమాజ్‌లో రుకూ, సజ్దా, అంటే వంగడం, నుదురు నేలకి ఆనించడం ఉండవు, నిలబడే చదువుతాం, కాబట్టి ఆరుబయట ఎడంగా నిలబడి చదవడం తేలిక.

గుస్ల్ దగ్గరే అసలు చిక్కు. నీళ్ళు పోసి కడగడం ప్రమాదం అన్న చోట తయమ్ముమ్ ఉంది: శుభ్రమైన మట్టి మీద అరచేతులు ఆనించి మయ్యిత్ ముఖం మీద, చేతుల మీద తుడవడం. అది కూడా కుదరకపోతే, సంచి తెరవకూడదు అంటే, సంచి మీదనుంచే తయమ్ముమ్ చేయొచ్చని చాలామంది ఉలమా, అంటే మతపండితులు, కోవిడ్‌లో ఫత్వా ఇచ్చారు, అదీ కుదరకపోతే బాధ్యతే లేదని కొందరు చెప్పారు. ఎబోలా సమయంలోనూ ఇలాగే చేశారు. కఫన్‌ని సంచి పైన చుట్టొచ్చు. ఇంకా, ప్లేగుతో పోయినవాళ్ళకి షహీద్ దర్జా, అంటే అమరుల హోదా, అని హదీసు (ప్రవక్త మాట) ఉంది, "మా నాన్నకి గుస్ల్ కూడా ఇవ్వలేకపోయాం" అని కుమిలిపోయేవాళ్ళకి ఈ మాట ఎంత ఊరటో నేను దగ్గరుండి చూశాను. రాలేనివాళ్ళు దూరం నుంచి గాయెబానా నమాజ్ చదవొచ్చు, అయితే మాలో హనఫీ సంప్రదాయం వాళ్ళు దాన్ని ఒప్పుకోరు, అక్కడ మీరు సలహా ఇవ్వబోకండి, వాళ్ళ ఇమామ్‌ని అడగమనండి. ఒక్కటి మాత్రం రాసుకోండి, దహనానికి మాత్రం మాలో వెసులుబాటు లేదు. దాన్ని బేరానికి పెట్టకండి.

రద్దీ గురించి అడిగిన భాయ్‌కి: గుస్ల్ టీముని ముందే తయారు చేసుకోవాలి. వయసులో ఉన్నవాళ్ళు, రక్షణ బట్టలు వేసుకోవడం కంటే ముఖ్యంగా వాటిని విప్పడం నేర్చుకున్నవాళ్ళు. అంటుకునేది ఎక్కువ విప్పేటప్పుడే. ఆడవాళ్ళకి ఆడవాళ్ళ టీము విడిగా ఉండాలి, ఇది మర్చిపోతే ఆ రోజు మీ ప్లాను మొత్తం ఆగిపోతుంది.

దర్భపోచ:
పౌరోహిత్యం మా ఇంట్లో ఉంది కాబట్టి హిందువుల వైపు నుంచి రెండు ముక్కలు. జనం భయపడేది సాధారణంగా "శాస్త్రప్రకారం జరగలేదు, గతులుండవు" అని. నిజానికి శాస్త్రంలో ఆపద్ధర్మానికి చాలా చోటుంది. కొడుకు రాలేకపోతే అతను దర్భ ఇచ్చి వేరే దాయాదితో కర్మ చేయించొచ్చు. శవమే దొరకని సందర్భానికి కూడా మోదుగ ఆకులు, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి ఉంది. అంటే శవాన్ని తాకలేకపోయిన కుటుంబం తర్వాత పరిస్థితి కుదుటపడ్డాక మిగిలిన కర్మ చక్కగా చేసుకోవచ్చు. స్నానానికి బదులు సంచి మీద నీళ్ళు ప్రోక్షించి మంత్రం చెప్పుకోవచ్చు. నోట్లో తులసితీర్థం పోయడం మాత్రం వద్దు, దగ్గర పెట్టి నమస్కారం చేసుకోమనండి.

అస్థికల గురించి ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. బూడిదలో, ఎముకల్లో వైరస్ ఉండదు, ఏ భయమూ లేకుండా సంచయనం చేసుకోవచ్చు. నిమజ్జనం ఆ వారమే జరగాలని పట్టుబట్టి బస్సెక్కి నదికి వెళ్ళేకంటే భద్రంగా దాచి తర్వాత వెళ్ళడం మేలు. కర్మకాండ రోజున కర్త, పురోహితుడు, ఇంట్లో ఉన్నవాళ్ళు చాలు. పన్నెండో రోజు భోజనాల దగ్గరే జబ్బు పాకుతుంది, పై పోస్టులో షికాగో సంగతి చెప్పినట్టు.

కొయ్యసిలువ:
క్రైస్తవుల్లో చిక్కు తక్కువే, కానీ ఉన్నచోట గట్టిగా ఉంటుంది. శవాన్ని ముద్దు పెట్టుకునే ఆచారం, ముఖ్యంగా ఆర్థడాక్సు వాళ్ళలో, అది ఆపాలి. పెట్టె మీద చెయ్యి వేసి ప్రార్థన చేసుకుని చేతులు కడుక్కోవడం సరిపోతుంది. ఆరాధన చర్చి లోపల కాకుండా సమాధి దగ్గరే చిన్నగా పెట్టుకుని, జ్ఞాపకార్థ కూడిక తర్వాత ఎప్పుడో అందరితో జరుపుకోవచ్చు. పాటలు ఆరుబయట, మాస్కుతో. కేథలిక్కులకి 1963 నుంచి దహనానికి అనుమతి ఉంది, కానీ అస్థికలు చల్లకూడదు, పవిత్రమైన చోట ఉంచాలి. అనుమతి ఉన్నంత మాత్రాన దహనమే చేయించమని ఒత్తిడి చేయొద్దు.

పార్సీలని మన లిస్టుల్లో ఎవరూ గుర్తు పెట్టుకోరు. వాళ్ళది దోఖ్మా పద్ధతి, శవాన్ని ఎండకీ పక్షులకీ వదిలేస్తారు. కోవిడ్ నిబంధనల్లో దానికి చోటే లేక చాలామందిని దహనం చేయించారు. చివరికి భారత సుప్రీంకోర్టులో ప్రభుత్వం, సూరత్ పార్సీ పంచాయతీ కలిసి ఒక పద్ధతి ఒప్పుకున్నాయి, పక్షులు రాకుండా పైన వల కట్టి ఎండకి ఉంచడం. 2022 ఫిబ్రవరిలో కోర్టు దానికి సరే అంది. వల కట్టాలన్న ఆలోచన రావడానికి రెండేళ్ళు పట్టింది, ముందే వాళ్ళని కూర్చోబెట్టి అడిగుంటే ఒక్క మధ్యాహ్నంలో తేలేది.

వెన్నెలబాట:
చాలా చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. తయమ్ముమ్, దర్భ ఇవ్వడం, ఇవి మా వాళ్ళలో సగం మందికి తెలియవు. ఇప్పుడు అసలు కష్టం: ఇవన్నీ ఇంటివాళ్ళకి చెప్పేదెలా? తండ్రి పోయిన గంటకి గేటు దగ్గరికి తెల్ల సూట్లు వేసుకుని నలుగురు దిగితే, ఏం చెప్పినా వినే స్థితిలో ఉంటారా? పోయినసారి ఒక ఆసుపత్రిలో మాకు ఎదురైంది అదే, సంచి మీద పేరు కూడా సరిగ్గా లేదు, కుటుంబం ఇది మా మనిషి కాదేమో అని చివరిదాకా అనుమానపడింది.

చేతులుకడుక్కో:
సూటు సంగతి మీరు బాగా పట్టుకున్నారు. ఎబోలా అప్పుడు మొదట్లో జరిగింది అదే, ముఖం కనిపించని మనుషులొచ్చి శవాన్ని ఎత్తుకుపోయారు, ఊళ్ళు తిరగబడ్డాయి. 2014 అక్టోబరు, నవంబరుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మతపెద్దల్ని, రెడ్‌క్రాస్‌ని కూర్చోబెట్టి "సురక్షితమైన, గౌరవప్రదమైన ఖననం" అని 12 దశల పద్ధతి రాసింది. నాకు అందులో అన్నిటికంటే నచ్చింది మొదటి దశలే. టీము మామూలు బట్టల్లో వస్తుంది. ఒకరికి మాట్లాడటమే పని, అతను ముందు వెళ్ళి పరామర్శిస్తాడు, ఇంట్లో నిర్ణయం తీసుకునేది ఎవరో కనుక్కుంటాడు, ఏం చేయబోతున్నామో చెప్తాడు, ఏ ప్రార్థన కావాలి, శవంతో పాటు ఏ వస్తువు పెట్టాలి, సమాధి ఎవరు తవ్వుతారు అని అడుగుతాడు. ఇంటివాళ్ళు ఊ అన్నాకే మిగతావాళ్ళు సూట్లు వేసుకుంటారు, అదీ వాళ్ళ కళ్ళముందే, ఆ ముసుగు వెనక ఉన్నది ఎవరో తెలిసేలా. మీ కాగితంలో ఆ మాట్లాడే మనిషి పేరు ముందు రాయండి. మతానికొకరు. గొంతు చిన్నది చేసి మాట్లాడగలిగినవాళ్ళని చూడండి, పెద్ద చదువు అక్కర్లేదు.

ఇక పేరు. సంచి మీద, లోపల చేతికి, రెండుచోట్లా పేరు, వయసు, తేదీ చెరగని ఇంకుతో రాయాలి. ముఖం చూపించడం మతం కోసం మాత్రమే కాదు, గుర్తింపు కోసం కూడా. ఒక మీటరు దూరంలో నిలబెట్టి, జిప్ మీవాళ్ళే తీసి, చూపించి, మళ్ళీ మూయండి, ఏ ఊపిరితిత్తుల జబ్బయినా దీనికి అభ్యంతరం లేదు. ఎబోలా లాంటిదైతే సంచి మూసే ముందే, దూరం నుంచే. ఫోటో తీసుకుంటామంటే తీసుకోనివ్వండి.

సూటిగా గారి రద్దీ ప్రశ్నకి: సామూహిక గుంత తవ్వితే పని తొందరగా అవుతుందనిపిస్తుంది, తర్వాత ఎవరు ఎక్కడున్నారో తెలియక కుటుంబాలు ఏళ్ళ తరబడి తిరుగుతాయి. తప్పనిసరైతే వరసగా విడివిడి గుంతలు, ఒక్కోదానికి నంబరు, ఒక రిజిస్టరు. దహనమైతే కుండ మీద అదే నంబరు. మనుషులు తక్కువున్నప్పుడు ఆచారాన్ని కోసేయకుండా వాయిదా వేయండి, ఇవాళ ప్రార్థన ఐదు నిమిషాలు, మిగతా కర్మ నెల తర్వాత.

కఫన్‌బట్ట:
సంచి రంగు కూడా చూసుకోండి. ఆఫ్రికాలో నల్ల సంచులు వాడితే జనం అవమానంగా తీసుకున్నారు, తెల్లవి తెప్పించాక గొడవ తగ్గింది. మాకూ తెల్లదే కావాలి, కఫన్ తెల్లగానే ఉంటుంది కదా. ఒకేసారి తీసుకునేటప్పుడు తెల్లవే తీసుకుంటే హిందువులకీ క్రైస్తవులకీ అభ్యంతరం ఉండదనుకుంటా, దర్భపోచ గారు చెప్పాలి.

దర్భపోచ:
ఏ అభ్యంతరమూ లేదు, తెల్లదే మంచిది. ఇంకొకటి, దహనానికి వెళ్ళే సంచి పి.వి.సి. ప్లాస్టిక్‌ది కాకుండా చూసుకోండి, అది కాలితే వచ్చే పొగ కాటికాపరి పీల్చాలి. అతనికి కూడా మాస్కు, గ్లౌజులు మీ లెక్కలోనే వేయండి, ఎవరూ వేయరు.

సూటిగా:
ఇది మాత్రం కరెక్ట్. నంబర్ల రిజిస్టరు పని నాకివ్వండి, ఆఫీసులో నేను చేసేది అదే.